ఖాళీ చేసే రోజును తలచుకుని దిగండి

(భీమవరం దగ్గర ఒక ఇంజనీరింగ్ కాలేజీలో, ఉద్యోగాలకు హైదరాబాద్ వెళ్లబోతున్న ఆఖరి సంవత్సరం విద్యార్థులతో చేసిన ప్రసంగం. మాట్లాడినది మాట్లాడినట్టే.)

అందరికీ నమస్కారం.

మీ ప్రిన్సిపాల్ గారు ఫోన్ చేసి, పిల్లలకు స్ఫూర్తినిచ్చే మాటలు నాలుగు చెప్పమన్నారు. అది నావల్ల కాదండీ, కావాలంటే అద్దె ఇల్లు ఎలా వెతుక్కోవాలో చెప్తాను అన్నాను. అవతలి నుంచి కాసేపు చప్పుడు లేదు. తర్వాత "అదీ అవసరమేలెండి" అన్నారు. (నవ్వులు)

నా అర్హత ఏమిటంటే, 2003లో తణుకు నుంచి హైదరాబాద్ వెళ్లి, సొంత ఫ్లాట్ కొనుక్కునేలోపు తొమ్మిది ఇళ్లు మారాను. ఇప్పుడు మా అపార్ట్‌మెంట్ అసోసియేషన్‌కి సెక్రటరీని. అద్దెకున్నవాళ్ల బాధ పడ్డాను, ఓనర్ల బాధ రోజూ నా వాట్సాప్‌కి వస్తుంది.

చివరి నుంచి మొదలుపెడతాను. 2008లో కూకట్‌పల్లిలో డబుల్ బెడ్‌రూమ్ తీసుకున్నాం. అద్దె 6,500. అడ్వాన్స్ రెండు నెలలది, 13,000. రెండేళ్లున్నాం. ఒక్క నెల కూడా అద్దె ఆలస్యం చేయలేదు. ఓనరు ఆంటీ కొత్త ఆవకాయ కలిపితే మాకో సీసా పంపేది. ఖాళీ చేసే రోజు ఆంటీ రాలేదు. ఆవిడ తమ్ముడు వచ్చాడు, చేతిలో పాకెట్ డైరీతో. ప్రతి గదిలోకీ వెళ్లి, లైటు వేసి, ఆర్పి, రాసుకున్నాడు. రంగులకు ఒక నెల అద్దె, 6,500. గీజర్ రిపేరు 1,200. వాష్ బేసిన్ పగులు 900. ఇల్లు కడిగించినందుకు 500. కర్టెన్ రాడ్లు 400. మొత్తం 9,500 పోగా నా చేతిలో 3,500 పెట్టాడు.

రంగుల సంగతి నాకు ముందే తెలుసు. హైదరాబాద్‌లో అది మామూలే, వెళ్లేటప్పుడు ఒక నెల అద్దె రంగులకని పట్టుకుంటారు. నా కడుపు మండింది ఆ వాష్ బేసిన్ దగ్గర. ఆ పగులు మేము దిగినప్పటికే ఉంది. మొదటి రోజు మా అమ్మే చూసి, "బేసిన్ పగిలిందే, చెప్పు వాళ్లకి" అంది. చెప్పాను కూడా. ఆంటీ "అయ్యో, అదెప్పటిదో అమ్మా" అంది. ఆ మాట ఎక్కడ రాసి ఉంది? ఎక్కడా లేదు. ఆమె తమ్ముడికి తెలియదు. ఆంటీకి గుర్తులేదట.

అందుకే ఇవాళ నేను ఏం చెప్పినా ఆ పాకెట్ డైరీని కళ్ల ముందు పెట్టుకునే చెప్తాను. ఇల్లు చూసేటప్పుడు గోడలు, బాల్కనీ, ఎదురుగా వేపచెట్టు, అన్నీ బాగుంటాయి. ఇంటితో అసలు లెక్క తేలేది మీరు సామాన్లు కట్టుకున్న రోజున. దిగే రోజునే ఆ రోజు గురించి ఆలోచించాలి.

ఇల్లు చూడడం దగ్గరికి వద్దాం. నా మొదటి ఇల్లు ఇల్లు కాదు, పెంట్‌హౌస్. మీరు సినిమాల్లో చూసే పెంట్‌హౌస్ కాదమ్మా, ఆశపడకండి. (నవ్వులు) హైదరాబాద్‌లో మేడ మీద కట్టిన ఒంటి గదిని పెంట్‌హౌస్ అంటారు. ఎస్.ఆర్. నగర్‌లో డిసెంబరులో చూశాను. చల్లటి గాలి, పక్కనే డాబా అంతా మనదే, బట్టలు ఆరేసుకోవచ్చు. అక్కడికక్కడే అడ్వాన్స్ ఇచ్చేశాను. ఏప్రిల్ వచ్చింది. నీళ్ల ట్యాంకు నల్లటిది, మా గది నెత్తి మీదే ఉండేది. పొద్దున పదకొండు దాటితే కుళాయిలో నీళ్లు చెయ్యి పెట్టలేనంత వేడి. రాత్రి పన్నెండింటికి కూడా గోడకు వీపు ఆనిస్తే ఇస్త్రీ పెట్టె తగిలినట్టుండేది. పైన స్లాబు, మూడు వైపులా ఎండ తగిలే గోడలు. ఇంజనీరింగ్ చదివినదాన్ని, అంత చిన్న విషయం తట్టలేదు.

కాబట్టి పై అంతస్తు అయితే మధ్యాహ్నం మూడింటికి వెళ్లి చూడండి. కింది అంతస్తు అయితే వాన పడ్డ మర్నాడు వెళ్లండి. సెల్లార్‌లో నీళ్లు నిలిచాయా, గోడల అడుగున తడి మచ్చలున్నాయా చూడండి. కొత్తగా రంగు వేసిన ఇల్లయితే ఇంకాస్త అనుమానంగా చూడండి. గది మొత్తానికి కాకుండా ఒక గోడకే, అదీ కింది సగానికే రంగు వేశారంటే, అక్కడేదో దాస్తున్నారు.

ఇక నీళ్లు. నన్నడిగితే ఇంట్లో మిగతావన్నీ దీని తర్వాతే. గోదావరి జిల్లాల పిల్లలకు నీళ్ల విలువ చెప్తే ఎక్కదు. హైదరాబాద్‌కు కృష్ణా నీళ్లు నాగార్జునసాగర్ నుంచి వస్తాయి. మన గోదావరి నీళ్లూ వస్తాయి, ఇక్కడి నుంచి కాదు, ఎగువన ఎల్లంపల్లి నుంచి. అంత దూరం నుంచి మోటార్లతో ఎత్తి తెచ్చిన నీళ్లు చాలాచోట్ల రోజు విడిచి రోజు వదులుతారు. అవి చాలకపోతే బోరు. బోరు ఎండితే ట్యాంకరు.

మీరు చూడడానికి వెళ్లిన రోజు ఓనరు "ట్వంటీ ఫోర్ అవర్స్ వాటర్" అంటాడు. అందరూ అంటారు. ఆయన్ని అడక్కండి, వాచ్‌మన్ భార్యను అడగండి. "అక్కా, మే నెలలో ట్యాంకర్లు ఎన్ని వస్తాయి?" అని. ఆమెకు లెక్క తెలుసు, ఎందుకంటే పైపు పట్టుకునేది వాళ్లే. తర్వాత వంటింటి కుళాయి, బాత్రూమ్ కుళాయి, రెండూ ఒకేసారి తిప్పి చూడండి. ఒకటి తిప్పగానే రెండోది సన్నగిల్లితే, పొద్దున ఎనిమిదింటికి ముగ్గురు రూమ్మేట్లు ఆఫీసుకు తయారయ్యేటప్పుడు ఏమవుతుందో మీరే ఊహించుకోండి. షవర్ మూతి మీదా, కుళాయి మొదట్లోనూ తెల్లగా సున్నం పేరుకుని ఉంటే అవి బోరు నీళ్లు. పప్పు ఓ పట్టాన ఉడకదు, జుట్టు ఊడుతోందని ఇంటికి ఫోన్ చేస్తారు. తీసుకోవద్దని కాదు, తెలిసి తీసుకోండి.

కరెంటు మీటరు దగ్గర ఇంకో మెలిక ఉంది. అపార్ట్‌మెంట్ ఫ్లాట్లకు ఎవరి మీటరు వాళ్లకుంటుంది. సొంత ఇంటి పైన పోర్షన్లు కట్టి అద్దెకిచ్చేచోట ఒకటే మీటరుండి, మీకు సబ్‌మీటర్ పెడతారు. ఓనరు "యూనిట్‌కి పది రూపాయలమ్మా" అంటాడు. ఎందుకంత అంటే "బిల్లే ఎక్కువొస్తుంది" అంటాడు. ఒక్కోసారి ఆయన అబద్ధం చెప్పడం లేదు. తెలంగాణలో ఇళ్ల కరెంటు స్లాబుల్లో ఉంటుంది, 200 యూనిట్లు దాటిన బిల్లుకు మొదటి యూనిట్ నుంచే రేటు పెరుగుతుంది. మూడు పోర్షన్లు, ఒక్కోటి 90 యూనిట్లు కాల్చాయనుకోండి. విడి మీటర్లుంటే ముగ్గురూ వందలోపు స్లాబులో తక్కువ రేటుతో బయటపడేవాళ్లు. ఒకే మీటరు కాబట్టి 270 అయింది, అందరికీ పెద్ద రేటు పడింది. ఎవరూ మోసం చేయకుండానే మీ జేబు ఖాళీ అవుతుంది. విడి మీటరుందా అన్న ఒక్క ప్రశ్న ముందే అడిగితే ఏడాదికి కొన్ని వేలు మిగులుతాయి.

దూరం గురించి ఒక్క ఉదాహరణ చెప్పి వదిలేస్తాను. మా మేనల్లుడికి హైటెక్ సిటీలో ఉద్యోగం వచ్చింది. మియాపూర్‌లో ఇల్లు చూసుకున్నాడు. "అత్తా, మెట్రో స్టేషన్ పక్కనే" అని మురిసిపోయాడు. మియాపూర్‌లో మెట్రో ఉంది, హైటెక్ సిటీలోనూ మెట్రో ఉంది. కానీ రెండూ వేరు లైన్లు. మియాపూర్ నుంచి అమీర్‌పేట దాకా వచ్చి, అక్కడ రైలు మారి, మళ్లీ రాయదుర్గం వైపు వెళ్లాలి. రోడ్డు మీద దగ్గరే, పట్టాల మీద ఊరంతా చుట్టడమే. వారం తిరక్కుండా బైక్ కొన్నాడు. మీరు అడ్వాన్స్ ఇచ్చే ముందు ఒక సోమవారం పొద్దున, ఆఫీసు వేళకి, ఆ ఇంటి నుంచి ఆఫీసుకి ఒకసారి వెళ్లి చూడండి. ఆదివారం వెళ్తే అంతా పావుగంటే అనిపిస్తుంది.

(శ్రోతల్లోంచి ఒక ప్రశ్న: "మేడమ్, ఆన్‌లైన్‌లో చూసి తీసుకోవచ్చా?")

చూడొచ్చు నాన్నా. తీసుకోకూడదు. ఇంటి ఫోటోలు బాగుంటాయి, అద్దె చుట్టుపక్కల వాటికంటే నాలుగైదు వేలు తక్కువుంటుంది. ఫోన్ చేస్తే అవతలివాడు "నేను ఆర్మీలో ఉన్నాను, పోస్టింగ్ వేరే ఊళ్లో, టోకెన్ పంపండి, తాళం మా మనిషి ఇస్తాడు" అంటాడు. గుర్తింపు కార్డు ఫోటో కూడా పెడతాడు. నమ్మించడానికి "ముందు నేనే మీకు డబ్బు వేస్తాను, ఈ క్యూఆర్ స్కాన్ చేయండి" అంటాడు. ఒక్కటి గుర్తుపెట్టుకోండి, మీకు డబ్బు రావడానికి మీ యూపీఐ పిన్ ఎప్పుడూ అక్కర్లేదు. పిన్ కొట్టారంటే డబ్బు పోతున్నట్టే. పోయిందని తెలిసిన నిమిషంలోనే 1930కి ఫోన్ చేయండి, సిగ్గుపడి రెండు రోజులు దాచుకోకండి. మా అపార్ట్‌మెంట్‌లోనే ఒకమ్మాయి 18,000 పోగొట్టుకుంది. బాగా చదువుకున్న పిల్లే.

నేను మాత్రం ఇప్పటికీ పాత పద్ధతే చెప్తాను. ఆ ప్రాంతంలో సాయంత్రం పూట నడవండి. టులెట్ బోర్డులు చూడండి. ఇస్త్రీ బండి ఆయన్ని అడగండి, పాల పాకెట్ల షాపులో అడగండి. బ్రోకర్ కమీషన్ పదిహేను రోజుల అద్దో, నెల అద్దో అడుగుతాడు, అదీ తప్పుతుంది. ఇంకో చిట్కా. ఆషాఢంలో మనవాళ్లు ఇల్లు మారరు కదా. ఆ నెలలో టులెట్ బోర్డులు దుమ్ము కొట్టుకుపోతుంటాయి, ఓనరుకు నెల అద్దె పోతోందని గుబులు. మీకు పట్టింపు లేకపోతే అప్పుడు వెళ్లి బేరమాడండి. నాకు ఒకసారి వెయ్యి తగ్గించారు. మా అమ్మకు మాత్రం శ్రావణంలో దిగామని చెప్పాను. (నవ్వులు)

ఇప్పుడు కాస్త ఇబ్బందికరమైన విషయం. ఇల్లు చూడడానికి వెళ్తే ఓనరు మంచినీళ్లిచ్చి, ఊరు అడిగి, ఇంటిపేరు అడిగి, ఆగి, "ఏమిట్లు?" అంటాడు, అంటే మీ కులమేమిటని. మన జిల్లాల వాళ్లకు ఈ మాట కొత్త కాదు. కొందరు అది కూడా అడగరు, "ప్యూర్ వెజ్ కావాలి" అంటారు, లేదా "మా ఆవిడకు పూజలు ఎక్కువండీ" అంటారు. ముస్లిం పిల్లలకైతే పేరు చెప్పగానే ఆ ఇల్లు ఎవరికో ఇచ్చేసినట్టు తేలుతుంది. నాకూ రెండుసార్లు ఇంటిపేరు దగ్గరే సంభాషణ ఆగిపోయింది. దీనికి నా దగ్గర మందు లేదు. కులం గురించి అబద్ధం చెప్పి దిగమని చెప్పను, ఎందుకంటే మీ ఇంట్లో మీరు భయపడుతూ అన్నం తినాల్సి వస్తుంది. ఒక్కటి చెప్పగలను. అసోసియేషన్ సెక్రటరీగా నేను ఏడేళ్లుగా చూస్తున్నాను, అద్దె ఎగ్గొట్టినవాళ్లూ, గోడలకు మేకులు దించినవాళ్లూ అన్ని ఇంటిపేర్లలోనూ ఉన్నారు. మా మీటింగుల్లో ఈ మాట చెప్తుంటాను. కొందరికి నచ్చదు.

బ్యాచిలర్ల సంగతీ అంతే. "ఓన్లీ ఫ్యామిలీస్" అని బోర్డు మీదే రాస్తారు. ఆడపిల్లలకు ఇస్తారు కానీ రాత్రి పదికల్లా రావాలంటారు. నైట్ షిఫ్ట్ ఉద్యోగమని ముందే చెప్పండమ్మా, ఆఫర్ లెటర్ చూపించండి. దిగాక తెలిస్తే రోజూ గేటు దగ్గర పంచాయితీ.

సరే, ఇల్లు నచ్చింది. అగ్రిమెంట్. 100 రూపాయల స్టాంప్ పేపర్ మీద 11 నెలలకు రాస్తారు. 11 ఎందుకంటే, 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ఏడాది దాటిన లీజును రిజిస్టర్ చేయించమంటుంది. ఆ ఖర్చు తప్పించుకోవడానికి దేశమంతా పుట్టిన అలవాటిది. మీరు చూడాల్సింది నెలల లెక్క కాదు, లోపలి వాక్యాలు. చదవకుండా సంతకం పెట్టేస్తారు, ఎందుకంటే జిరాక్స్ షాపువాడి దగ్గర ఎప్పటి నుంచో ఉన్న నమూనా అది, అందరికీ ఒకటే.

నోటీసు ఎన్నాళ్లు? ఇద్దరికీ సమానంగా ఉందా? నేను ఒక అగ్రిమెంట్ చూశాను, అద్దెకున్నవాడు రెండు నెలల ముందు చెప్పాలట, ఓనరు పదిహేను రోజుల ముందు చెప్తే చాలట. అసలు కాగితమే లేకపోతే 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం ప్రకారం నెలసరి అద్దెకు 15 రోజుల నోటీసు. మీ రూమ్మేట్లకు ఒకరికి బెంగళూరు ట్రాన్స్‌ఫర్ వస్తే ఏమవుతుందో కూడా ఆలోచించుకోండి. ముగ్గురు ఉంటారు, అగ్రిమెంట్ ఒకడి పేరు మీద ఉంటుంది, అడ్వాన్స్ ముగ్గురూ వేసుకుంటారు. మధ్యలో వెళ్లేవాడు తన వాటా అడుగుతాడు. ఓనరు ఇవ్వడు, మిగిలిన ఇద్దరి దగ్గరా ఉండదు. మూడు పేర్లూ రాయించండి, ఎవరు ఎంత ఇచ్చారో మీ మధ్య ఒక మెసేజ్ అయినా ఉండనివ్వండి. స్నేహితుల మధ్య కాగితాలేమిటి అంటారు. స్నేహం నిలవాలనే.

అడ్వాన్స్ హైదరాబాద్‌లో మామూలుగా రెండు నెలలు. బెంగళూరు వెళ్లేవాళ్లు ఎవరైనా ఉన్నారా? చేతులెత్తండి. మీరు కాస్త గట్టిగా కూర్చోండి. అక్కడ పది నెలల అడ్వాన్స్ అడగడం పాత ఆచారం. 2021లో కేంద్రం మాదిరి అద్దె చట్టం ఒకటి తెచ్చింది. నివాసాలకు రెండు నెలలకు మించి డిపాజిట్ తీసుకోకూడదని, ఓనరు ఇంట్లోకి రావాలంటే 24 గంటల ముందు చెప్పాలని అందులో ఉంది. కానీ అది మాదిరి మాత్రమే, రాష్ట్రాలు తమ చట్టంగా చేసుకుంటేనే పనికొస్తుంది. బేరం ఆడేటప్పుడు మర్యాదగా ప్రస్తావించడానికి మాత్రం బాగా పనికొస్తుంది.

మెయింటెనెన్స్ అద్దెలో కలిసిందా, విడిగానా? రంగులకు ఎంత పట్టుకుంటారు, ఏడాదిలోపు ఖాళీ చేసినా అంతేనా? అద్దె ఏటా ఎంత పెరుగుతుంది? ఇవి రాయించండి. అద్దె బ్యాంకు ద్వారానే పంపండి. జీతంలో వచ్చే ఇంటద్దె భత్యం, అంటే హెచ్ఆర్ఏ, పన్ను మినహాయింపు కోసం చూపించుకునేవాళ్లు ఏడాదికి లక్ష దాటిన అద్దెకు ఓనరు పాన్ ఇవ్వాలి. పాన్ అడిగితే కొందరు ఓనర్ల మొహం మాడుతుంది, అది దిగకముందే మాడనివ్వండి.

ఇక మళ్లీ పాకెట్ డైరీ దగ్గరికి. తాళం చేతికొచ్చిన రోజు, సామాన్లు లోపల పెట్టకముందు, గంటసేపు ఇల్లంతా వీడియో తీయండి. గోడలు కాదు, గోడలు అందరూ తీస్తారు. బేసిన్ లోపల, కమోడ్ వెనక, తలుపు గడియలు, కిటికీ దోమతెరలు, కబోర్డు అరల కింద చెక్క ఉబ్బిందా, ఫ్యాన్ ఎన్నో నంబరులో తిరుగుతుంది, మీటరు రీడింగు. అవన్నీ ఓనరు వాట్సాప్‌కి పంపి, "నమస్తే అంకుల్, ఇవాళ దిగాం, ఇల్లు ఇలా ఉంది, బేసిన్‌కు పగులుంది" అని రాయండి. ఆయన సరేనని బొటనవేలు ఎత్తిన ఎమోజీ పెడితే చాలు. నేను ఆ కూకట్‌పల్లి ఇంటి తర్వాత నుంచీ ఇదే చేశాను. మొదట్లో వాట్సాప్ లేదు, కాగితం మీద రాసి సంతకం పెట్టించేదాన్ని. ఆ తర్వాతి ఇళ్లలో నాకు రంగుల డబ్బు తప్ప రూపాయి పోలేదు. ఓనర్లు మంచివాళ్లయిపోయారని కాదు. జ్ఞాపకం మీద ఆధారపడాల్సిన పని ఇద్దరికీ తప్పింది.

సెక్రటరీగా ఓనర్ల తరఫున కూడా ఒక మాట చెప్పాలి. ఖాళీ చేసి వెళ్లినవాళ్ల వంటింట్లో చిమ్నీ తెరిస్తే నూనె కారుతుంటుంది. బాల్కనీలో పావురాల గూళ్లు. నెల కరెంటు బిల్లు కట్టకుండా వెళ్లిపోతారు. ఆ పాకెట్ డైరీ పట్టుకొచ్చిన తమ్ముడు కూడా అంతకుముందు ఎవరి చేతిలోనో దెబ్బ తిని ఉంటాడు, ఎవరికి తెలుసు.

(ఒక విద్యార్థిని: "మేడమ్, వెళ్లగానే ఫ్లాట్ తీసుకోవాలా, హాస్టల్లో ఉండాలా?")

మంచి ప్రశ్న, ముందే చెప్పాల్సింది. మొదటి రెండు నెలలు హాస్టల్లోనే ఉండండి. సాంబారు నీళ్లలా ఉంటుంది, ఓర్చుకోండి. ఆఫీసు ఏ బిల్డింగ్‌లోనో, షిఫ్ట్ ఏమిటో, ఎవరితో కలిసి బతకగలరో అప్పటికి తెలుస్తుంది. కాలేజీలో ప్రాణస్నేహితులు గిన్నెలు తోమే దగ్గర విడిపోవడం నేను చూశాను. హాస్టల్లోంచి వచ్చేటప్పుడు మంచాలు, సోఫాలు కొనకండి. ఒక పరుపు, కుక్కరు, రెండు గిన్నెలు చాలు. గ్యాస్ కనెక్షన్ వచ్చేదాకా ఐదు కేజీల చిన్న సిలిండర్ దొరుకుతుంది, ఛోటూ అంటారు. దానికి అడ్రస్ ప్రూఫ్ అక్కర్లేదు, గుర్తింపు కార్డు చాలు.

(వెనక నుంచి ఒక అబ్బాయి: "పాలు పొంగించాలా మేడమ్?")

(నవ్వులు) మీ అమ్మగారు ఊరుకుంటారా? మా అమ్మ తణుకు నుంచి రాత్రి బస్సులో ఇత్తడి గిన్నె ఒళ్లో పెట్టుకుని వచ్చింది. పెంట్‌హౌస్‌లో, కింది పోర్షన్ వాళ్ల దగ్గర స్టవ్ అడిగి తెచ్చి, తూర్పు ఎటో తెలియక డాబా మీదికెళ్లి సూర్యుణ్ణి చూసొచ్చి, లీటరు పాలు పెట్టింది. బాగా పొంగాలని మంట తగ్గించనివ్వలేదు. పాలు స్టవ్ కిందినుంచి పారి, గట్టుకీ గోడకీ మధ్య సందులోకి పోయాయి. వారం రోజులు చీమలు. పొంగించండి నాన్నా. చిన్న గిన్నెలో, పావు లీటరు.